భిలాయ్: రాజ్‌హరా కొండ తరిగిపోతున్న వేళ ఉక్కు నగరం చూపు రావ్‌ఘాట్ వైపు... గత అనుభవం ఏం చెబుతోంది?

ఒక టన్ను ద్రవ ఇనుము తీయాలంటే బ్లాస్ట్ ఫర్నేస్‌లో సుమారు 1.6 టన్నుల ఇనుప ఖనిజం పోయాలి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారానికి విస్తరణ తరువాత ఏర్పడిన సామర్థ్యం ఏడాదికి 75 లక్షల టన్నులు. అది పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏటా దాదాపు 1.2 కోట్ల టన్నుల ఖనిజం కావాలి.

అరవై ఏళ్లకు పైగా ఈ అవసరాన్ని ప్రధానంగా తీర్చినవి దల్లీ రాజ్‌హరా కొండలు. భిలాయ్‌కి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, నేటి బాలోద్ జిల్లాలో అవి ఉన్నాయి. వాటిలో మేలురకం నిల్వలు అడుగంటుతున్నాయి. కర్మాగారం ఇప్పుడు మరింత దక్షిణానికి, కాంకేర్, నారాయణ్‌పూర్ జిల్లాల సరిహద్దులోని రావ్‌ఘాట్ కొండల వైపు చూస్తోంది.

సాంకేతికంగా ఇది ఒక గని స్థానంలో మరో గనిని తెరవడమే. కానీ 1950లలో రాజ్‌హరాను తవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ కొండ కింది ప్రజలను ఎవరూ ఏమీ అడగలేదు. నేడు అడిగి తీరాలని చట్టాలు చెబుతున్నాయి. ఆ అడగడం ఏ మేరకు నిజంగా జరుగుతోందన్నదే భిలాయ్ భవిష్యత్తుతో ముడిపడిన అసలు ప్రశ్న.

మైదానం చుట్టూ కొండల కోట

ఛత్తీస్‌గఢ్ పటాన్ని చూస్తే మధ్యలో పళ్లెం లాంటి మైదానం, చుట్టూ కొండలు కనిపిస్తాయి. మహానది, దాని ఉపనది శివ్‌నాథ్ తడిపే ఆ మైదానానికి 'ధాన్యాగారం' అని పేరు. వాయవ్యాన మైకల్ శ్రేణి, ఉత్తరాన సర్గుజా, జశ్‌పూర్ పీఠభూములు, దక్షిణాన కేశ్‌కాల్ ఘాట్ ఎక్కగానే మొదలయ్యే బస్తర్ పీఠభూమి దాన్ని చుట్టుముట్టి ఉంటాయి. బస్తర్‌లోనూ అబూజ్‌మఢ్ కొండలు, బైలదిల్లా శ్రేణి వేరే ప్రపంచాలు. అక్కడి నీరు ఇంద్రావతి ద్వారా గోదావరిలో కలుస్తుంది.

చరిత్ర కూడా ఈ భూగోళాన్నే అనుసరించింది. మైదానం రతన్‌పూర్ కలచురుల నుంచి 18వ శతాబ్దంలో నాగ్‌పూర్ భోంస్లేలకు, 1854లో బ్రిటిష్ వారికి దక్కింది. కొండలు మాత్రం సంస్థానాధీశుల, జమీందారుల చేతిలోనే చాలాకాలం ఉన్నాయి. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడన్నది సంప్రదాయ కథనం.

1910లో బస్తర్‌లో 'భూమ్‌కాల్' తిరుగుబాటు చెలరేగింది. అడవులను రిజర్వు చేసి ఆదివాసీలను బయటకు నెట్టే ప్రయత్నం దానికి ఒక ముఖ్య కారణం. గుండాధుర్ పేరు నేటికీ అక్కడ వినిపిస్తుంది. అడవి ఎవరిదన్న ప్రశ్న రావ్‌ఘాట్‌తో పుట్టినది కాదు.

టాటాలు చూసి వదిలేసిన కొండ

రాజ్‌హరాలో ఇనుము ఉందని భిలాయ్‌కి అరవై ఏళ్ల ముందే తెలుసు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ప్రమథనాథ్ బోస్ 19వ శతాబ్దం చివరిలో దుర్గ్ ప్రాంతపు ఖనిజాలను నమోదు చేశారు. 20వ శతాబ్దం ఆరంభంలో ఉక్కు కర్మాగారానికి చోటు వెదుకుతూ బయలుదేరిన దొరాబ్జీ టాటా, అమెరికన్ నిపుణుడు సి.ఎం. వెల్డ్ ఆ నివేదిక ఆధారంగా ఈ కొండల దాకా వచ్చారు. ఖనిజం వారిని ఆశ్చర్యపరిచింది. అయితే దగ్గరలో కోకింగ్ బొగ్గు లేదు. 1904లో అదే బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని నిక్షేపాల గురించి లేఖ రాయడంతో టాటాలు అటు మళ్లారు. తరువాతిది జంషెడ్‌పూర్ చరిత్ర.

స్వాతంత్ర్యానంతరం లెక్క మారింది. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ మధ్య ఒప్పందం కుదిరింది. పది లక్షల టన్నుల ఉక్కు కర్మాగారానికి భిలాయ్‌ను ఎంచుకోవడంలో ముంబయి-హావ్‌డా రైలుమార్గం, నందిని సున్నపురాయి, తాందుల జలాశయపు నీరు, అన్నిటికీ మించి రాజ్‌హరా ఖనిజం కీలకమయ్యాయి. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. సామర్థ్యం తరువాత 25 లక్షల టన్నులకు, 40 లక్షల టన్నులకు పెరిగింది. తాజా విస్తరణను 2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు.

దేశంలోని రైలు పట్టాల్లో సింహభాగం ఈ కర్మాగారంలో తయారైనవే. విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేక ఉక్కు ఫలకాల్లో కొంత భాగం కూడా ఇక్కడి నుంచే వెళ్లింది.

'మినీ భారత్'లో ఎవరి చోటు ఎక్కడ?

సెక్టార్లుగా విభజించిన వీధులు, చెట్ల నీడలో క్వార్టర్లు, పాఠశాలలు, పెద్ద ఆసుపత్రి, సోవియట్ స్నేహానికి గుర్తుగా మైత్రీ బాగ్. భిలాయ్ టౌన్‌షిప్‌ను దేశం నలుమూలల నుంచి వచ్చిన వారు నిర్మించుకున్నారు. అందుకే దాన్ని 'మినీ భారత్' అంటారు. తెలుగువారి వాటా అందులో చిన్నదేమీ కాదు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి నిర్మాణ కూలీలుగా, ఫిట్టర్లుగా, ఇంజినీర్లుగా వచ్చిన కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం వారి కూడలి.

కర్మాగారానికి భూములు ఇచ్చిన పల్లెల వారు మాత్రం మొదట్లో ఆ కొలువుల వైపు అంతగా రాలేదు. భిలాయ్‌లో 1990ల నుంచి పరిశోధన చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఇందుకు ఒక విచిత్రమైన కారణాన్నీ నమోదు చేశారు. అంత పెద్ద కట్టడాలు నిలవాలంటే నరబలి తప్పదన్న వదంతులు ఆ రోజుల్లో ఊళ్లలో తిరిగాయట. స్థానికులు కొలువుల విలువ గుర్తించేసరికి బయటివారు స్థిరపడిపోయారు. 'పరదేశీయులు' అన్న మాట రాజకీయాల్లోకి వచ్చింది అలాగే.

ప్యారీ గ్రంథం 'క్లాసెస్ ఆఫ్ లేబర్' చెప్పే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. భిలాయ్‌లో అసలు చీలిక భాషల మధ్య కాదు, 'నౌకరీ'కీ 'కామ్'కీ మధ్య. పర్మినెంట్ ఉద్యోగికి నౌకరీ ఉంది. కాంట్రాక్టు కూలీకి దొరికేది కామ్, అంటే పని మాత్రమే. ఒకే ప్రాంగణంలో ఒకే వేడిలో పనిచేసినా వారి జీతాలు, ఇళ్లు, పిల్లల చదువులు వేరు. కాలక్రమంలో పర్మినెంట్ కొలువులు బాగా తగ్గి కాంట్రాక్టు కూలీల వాటా పెరుగుతూ వచ్చింది. ఈ గీత కొండ మీద మరింత లోతుగా పడింది.

రాజ్‌హరాలో రెండు రకాల మనుషులు

రాజ్‌హరా యాంత్రిక గనిలో పనిచేసేవారు కర్మాగారం ఉద్యోగులు. పక్కనే ఉన్న చేతిపని గనుల్లో రాయి పగలగొట్టి, తట్టల్లో మోసి, లారీలకు ఎత్తిన వేలమంది ఛత్తీస్‌గఢీ కూలీలు కాంట్రాక్టర్ల మనుషులు. వారిలో ఆదివాసీలు, మహిళలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కొండ ఒకటే, ఖనిజం ఒకటే, చేరే కొలిమీ ఒకటే. దక్కే ఫలితమే వేరు.

1977లో బోనస్ వ్యత్యాసంపై ఈ కూలీలు తిరగబడ్డారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లి విడుదలైన శంకర్ గుహా నియోగీని నాయకత్వం వహించమని కోరారు. ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ అలా పుట్టింది. నియోగీ ఒకప్పుడు భిలాయ్ కర్మాగారంలోనే పనిచేసి కార్మిక కార్యకలాపాల కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్న వ్యక్తి. పని లేని రోజులకు కనీస వేతనం, వానాకాలానికి ముందు గుడిసెల మరమ్మతు భత్యం కూలీల ముఖ్య డిమాండ్లు. జూన్ 2 రాత్రి పోలీసులు నియోగీని అరెస్టు చేశారు. కార్మికులు అడ్డుకున్నారు. ఆ రాత్రి, మరుసటి రోజు జరిగిన కాల్పుల్లో 11 మంది మరణించారు.

తరువాతి పదేళ్లలో ఆ సంఘం చేసిన పనులు మామూలు కార్మిక సంఘాల పరిధికి మించినవి. మద్యపాన వ్యతిరేక ఉద్యమం వేలాది కుటుంబాలను తాకింది. కాల్పుల్లో మరణించినవారి స్మృతిగా 1983లో కార్మికుల చందాలతో, శ్రమదానంతో షహీద్ ఆసుపత్రి వెలిసింది. కర్మాగారం వారి ఆసుపత్రిలో చోటు లేని కాంట్రాక్టు కూలీలు తమ ఆసుపత్రిని తామే కట్టుకున్నారన్నమాట. 1857లో రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను ప్రజల జ్ఞాపకంలోకి తిరిగి తెచ్చిన వారిలోనూ ఈ సంఘం ముందుంటుంది.

యంత్రాల విషయంలో నియోగీ వాదన ఇప్పటికీ చదవదగినది. యాజమాన్యం చేతిపని గనులను పూర్తిగా యాంత్రీకరించాలనుకుంది. సంఘం యంత్రాలను ఒట్టిగా వ్యతిరేకించలేదు. కొంత యంత్రం, కొంత మనిషి ఉండే సగం యాంత్రీకరణను లెక్కలతో సహా ప్రతిపాదించింది. దాంతో పూర్తి యాంత్రీకరణ చాలా ఏళ్లు వెనక్కు పోయింది. కానీ ఆగలేదు. గని కూలీల సంఖ్య క్రమేపీ కరిగిపోయింది.

నియోగీ 1990లో భిలాయ్ చుట్టుపక్కల ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్టు కార్మికుల పక్షాన ఉద్యమం చేపట్టారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్‌లో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. కింది కోర్టు కొందరు పారిశ్రామికవేత్తలతో సహా పలువురిని దోషులుగా ప్రకటించింది. హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తి ఒక్కరికే శిక్ష ఖాయం చేసింది. హత్య జరిగిన మరుసటి ఏడాది, 1992 జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ రైల్వేస్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా పదిహేను మందికి పైగా చనిపోయారు.

రాష్ట్రం వచ్చాక

ప్రత్యేక ఛత్తీస్‌గఢ్ కోరిక పాతది. ఖూబ్‌చంద్ బఘేల్ వంటి వారు 1950లలోనే దాన్ని వినిపించారు. మన ఖనిజం, మన అడవి, కొలువులు మాత్రం బయటివారికి అన్న బాధకు భిలాయ్ కళ్లెదుటి ఉదాహరణ అయింది. చివరకు 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. తెలుగువారికి ఆ తేదీ కొత్త కాదు, ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ నవంబరు 1నే.

సుమారు 1.35 లక్షల చదరపు కిలోమీటర్ల రాష్ట్రంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 30.6 శాతం షెడ్యూల్డ్ తెగల వారు. అదే లెక్కల్లో బాలోద్ కూడా కలిసి ఉన్న నాటి దుర్గ్ జిల్లా అక్షరాస్యత సుమారు 79 శాతం. రావ్‌ఘాట్ కొండలు విస్తరించిన నారాయణ్‌పూర్ జిల్లాలో అది 49 శాతం లోపే. రెండు ప్రాంతాల మధ్య దూరం రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లు కూడా దాటదు. రాష్ట్రం కొత్తదైనా, మైదానానికీ కొండకూ మధ్య ఈ ఎడం పాతదే.

రావ్‌ఘాట్: పట్టాలు ముందు, ప్రశ్నలు వెనుక

రావ్‌ఘాట్ నిక్షేపాల గురించి దశాబ్దాలుగా తెలుసు. అక్కడి నిల్వలు కోట్ల టన్నుల్లో ఉంటాయి. దట్టమైన అడవి, అబూజ్‌మఢ్ సామీప్యం, మావోయిస్టుల ప్రాబల్యం తవ్వకాన్ని ఆలస్యం చేశాయి. ఈ కొండ చుట్టుపక్కల ఆదివాసీలకు దేవుళ్ల నిలయం కూడా. అటవీ అనుమతులు 2000ల చివరలో వచ్చాయి. గని లీజు విస్తీర్ణం రెండు వేల హెక్టార్లకు పైమాటే.

ఖనిజం తేవాలంటే రైలు కావాలి. దల్లీ రాజ్‌హరా నుంచి రావ్‌ఘాట్‌కు 95 కిలోమీటర్ల మార్గం, అక్కడి నుంచి జగదల్‌పూర్‌కు మరో 140 కిలోమీటర్లు అన్నది ప్రణాళిక. రైల్వే, సెయిల్, ఎన్‌ఎండీసీ, రాష్ట్ర ప్రభుత్వం 2007లో దీనిపై అవగాహనకు వచ్చాయి. పనులు సాయుధ బలగాల కాపలాలో సాగాయి. రైలు కొద్దికొద్దిగా ముందుకు జరిగి 2022లో అంతాగఢ్ చేరింది. అదే ఏడాది రావ్‌ఘాట్ అంజ్రేల్ ప్రాంతం నుంచి తొలి ఖనిజం భిలాయ్ చేరడం మొదలైంది.

అప్పుడే సమీప గ్రామాల నుంచి నిరసన వినిపించింది. తమ గ్రామసభల నిజమైన సమ్మతి లేకుండా లారీలు తిరుగుతున్నాయని అక్కడివారి ఆరోపణ. ఉపాధి, పాఠశాలలు, వైద్యం వంటి సదుపాయాలు కల్పిస్తున్నామని సెయిల్ చెబుతోంది. రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావచ్చు. సమ్మతి అడగడం వేరు, సదుపాయం ఇవ్వడం వేరు.

బస్తర్ ప్రాంతం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వస్తుంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలంటుంది. దాని అమలుకు ఛత్తీస్‌గఢ్ నిబంధనలు జారీ చేసింది 2022 ఆగస్టులో, అంటే చట్టం వచ్చిన పాతికేళ్ల తరువాత. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కులను గుర్తిస్తుంది. ఆ చట్టం కింద గ్రామసభల మాటకు ఎంత బరువుందో 2013లో ఒడిశాలోని నియమగిరి తీర్పు చూపింది.

తెలుగు నేల నుంచి వెళ్లిన సమతా తీర్పు మరింత పాతది. అనంతగిరి మండలంలోని గనులపై నడిచిన ఆ కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు గని లీజులు చెల్లవని తేల్చింది. ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదు. రావ్‌ఘాట్ లీజు ప్రభుత్వ రంగ సంస్థదే. అయితే తవ్వకం, రవాణా పనులు కాంట్రాక్టర్లవి. 1977 నాటి రాజ్‌హరా గుర్తుకు రావడానికి ఈ ఒక్క విషయం చాలు.

డబ్బు సంగతికి వస్తే, 2015లో గనుల చట్ట సవరణ జిల్లా ఖనిజ నిధిని తెచ్చింది. పాత లీజుల రాయల్టీపై 30 శాతం, కొత్త వాటిపై 10 శాతం మొత్తాన్ని సంస్థలు ఆ జిల్లా ప్రజల కోసం జమ చేయాలి. రాజ్‌హరా తొలి యాభై ఏళ్లలో ఇలాంటిదేదీ లేదు. కాగితం మీద ఇది పెద్ద మార్పే. నిధిని ఎక్కడ ఖర్చుపెట్టాలో నిర్ణయించే బల్ల దగ్గర కొండ ఊరివారి కుర్చీ ఎంత దగ్గరగా ఉందన్నది వేరే విషయం.

విశాఖకు తెలిసిన కథ

కొండ ఖనిజంతో మైదానమో తీరమో ఎదగడం భిలాయ్‌కే పరిమితం కాదు. బస్తర్ దక్షిణాన బైలదిల్లా గనులను జపాన్ ఎగుమతుల కోసం 1960లలో తెరిచారు. కిరండూల్ నుంచి అరకు మీదుగా కొత్తవలసకు వేసిన రైలుమార్గం ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చింది. సొంత గనులు లేని విశాఖ ఉక్కు కర్మాగారానికీ అదే ఆధారమైంది. కిరండూల్ పరిసరాల్లో శంఖినీ నది ఎర్రబారి, పొలాల్లో ఖనిజపు బురద చేరిందన్న ఫిర్యాదులు దశాబ్దాల పాతవి. బస్తర్‌లోనే ఉక్కు తయారు చేసే నగర్‌నార్ కర్మాగారం జాతికి అంకితమైంది 2023 అక్టోబరు 3న, అంటే తొలి ఖనిజం కొండ దిగిన అర్ధ శతాబ్దం తరువాత.

ఈ మధ్యకాలంలో బస్తర్ కొండలు రక్తసిక్తమయ్యాయి. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో వేల కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం, గోదావరి జిల్లాల అడవుల్లో తలదాచుకున్నాయి. 2025 మే 21న నారాయణ్‌పూర్ జిల్లా అబూజ్‌మఢ్‌లో జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు మరణించారు. ఆయన స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు సమస్యను అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది.

తుపాకుల మోత తగ్గితే గనుల వేగం పెరుగుతుందని అందరూ అంగీకరిస్తారు. అసమ్మతిని మావోయిస్టుల ఒత్తిడిగా కొట్టిపారేయడానికి అప్పుడు వీలుండదు. గ్రామసభలో చెయ్యెత్తి వద్దన్నవారి మాటను ఆ మాటగానే వినాల్సి వస్తుంది.

రాజ్‌హరాలో మిగిలినది

దల్లీ రాజ్‌హరాలో తవ్వకం ఇంకా పూర్తిగా ఆగలేదు. నాసిరకం ఖనిజాన్ని శుద్ధి చేసి వాడుకునే ఏర్పాట్లతో గనుల ఆయుష్షు కొంత పొడిగించే ప్రయత్నం సాగుతోంది. గని మూసివేతకు ముందే ప్రణాళిక ఉండాలని నేటి నిబంధనలు చెబుతాయి. భూమిని చదును చేయడం, మొక్కలు నాటడం వంటివి అందులో ఉంటాయి. రెండు తరాలు రాయి కొట్టి బతికిన పట్టణం తరువాత దేనిమీద బతకాలన్నది ఆ ప్రణాళికల్లో చిన్న భాగమే.

ఒకప్పుడు రాజ్‌హరా రైలుమార్గానికి చివరి మజిలీ. ఇప్పుడది దారిలో ఒక స్టేషన్. అంతాగఢ్ వైపు నుంచి వచ్చే ప్రయాణికుల రైలు, రావ్‌ఘాట్ ఖనిజపు వ్యాగన్లు దాన్ని దాటుకుని మైదానానికి దిగుతాయి. షహీద్ ఆసుపత్రి మాత్రం అక్కడే నడుస్తోంది. దాని ముందు వరుసలో నిలబడే వారిలో బస్తర్ వైపు పల్లెల నుంచి వచ్చినవారూ ఉంటారు.